డిగ్రీ నుంచి ఐఐటీ ఎమ్మెస్సీకి: మొదటి క్విజ్‌కి ముందు ఏం జరుగుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కాలేజీల నుంచి జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకునే పిల్లలు తెలివిలో ఎవరికీ తీసిపోరు. టెక్కలిలోనో, రాజాంలోనో, బొబ్బిలిలోనో చదువుకుంటూ, పక్కన పెద్ద కోచింగ్ సెంటరు లేకపోయినా దేశమంతా పోటీపడే పరీక్షలో ర్యాంకు సాధించినవాళ్లు వాళ్లు. అలాంటివాళ్లకు కూడా మొదటి సెమిస్టరులోనే దెబ్బ తగులుతుంటుంది. ఇంగ్లీషు రాదనో, పునాది బలంగా లేదనో ఊళ్లో సర్దిచెప్పుకుంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం ఇంకొకటి. వారం వారం చదవాల్సింది చివరి నెలకు నెట్టేసే అలవాటు మన పరీక్షల్లో మార్కులు తెచ్చిపెడుతుంది. అక్కడ అదే అలవాటు ముంచుతుంది. అది ముంచుతోందని తెలిసేసరికి మొదటి క్విజ్, అంటే సెమిస్టరు మధ్యలో పెట్టే రాత పరీక్ష, అయిపోతుంది.

ఇందులో విద్యార్థి తప్పు తక్కువ. పదో తరగతి నుంచి డిగ్రీ చివరిదాకా పరీక్షలన్నీ ఆ అలవాటునే పెంచాయి. జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ విధానం చూడండి. సబ్జెక్టుకు ఇంటర్నల్ 30 మార్కులు, చివరి పరీక్ష 70. డిగ్రీలోనూ బరువంతా చివరి పరీక్ష మీదే. ప్రిపరేషన్ హాలిడేస్ ఇస్తారు. పాత పేపర్లు ముందేసుకుని, ఏ యూనిట్ నుంచి ఏ ప్రశ్న తరచూ వస్తోందో చూసుకుని, ఇంపార్టెంట్లు గట్టిగా చదివితే ఫస్ట్ క్లాసు వచ్చేస్తుంది. మూడేళ్లపాటు ఫలితమిచ్చిన పద్ధతిని ఎవరు మాత్రం ఎందుకు మానుకుంటారు?

జామ్ కూడా ఈ లోటును బయటపెట్టదు. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. 30 ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, తప్పయితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. 10 ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. మిగిలిన 20 ప్రశ్నలకు జవాబుగా సంఖ్య టైపు చేయాలి. ఈ రెండు రకాలకూ కోత లేదు. పరీక్షంతా కంప్యూటర్ మీదే కాబట్టి జవాబు ఎలా వచ్చిందో ఎవరూ చూడరు. ఒక్క సిద్ధాంతానికి కూడా తనంతట తాను నిరూపణ రాయకుండానే గణితంలో మంచి ర్యాంకు తెచ్చుకోవచ్చు. ఎమ్మెస్సీ క్విజ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. జవాబు సరైనదైనా మధ్యలో మెట్లు లేకపోతే మార్కులు పోతాయి. మెట్లు సరిగ్గా ఉంటే చివర లెక్క తప్పినా చాలావరకు వస్తాయి.

ఐదో అంకె

ఐఐటీ మద్రాసులో ప్రతి సబ్జెక్టు పక్కనా ఆరు అంకెల వరుస ఒకటి ఉంటుంది. ఎల్, టీ, ఈ, పీ, ఓ, సీ అని ఆరు గడులు. ఎల్ అంటే వారానికి లెక్చర్ గంటలు. టీ ట్యుటోరియల్, ఈ అదనపు ట్యుటోరియల్, పీ ప్రాక్టికల్. ఓ అంటే తరగతి బయట విద్యార్థి సొంతంగా పనిచేయాల్సిన గంటలు. ఇవన్నీ కలిపిన మొత్తమే సీ, అంటే క్రెడిట్లు. 3-1-0-0-6-10 అని ఉంటే వారానికి మూడు లెక్చర్లు, ఒక ట్యుటోరియల్, ఆరు గంటల సొంత పని, మొత్తం పది క్రెడిట్లు.

కొత్తగా చేరినవాళ్లు మొదటి అంకె చూసి, వారానికి మూడు క్లాసులేనా అని తేలిగ్గా తీసుకుంటారు. చూడాల్సింది ఐదో అంకె. ఆ ఆరు గంటలు ఎవరో ఇచ్చిన సలహా కాదు. సంస్థే లెక్కకట్టి సిలబస్‌లో అచ్చువేసిన పని అది. ఆ పని చేసుకుని వచ్చిన విద్యార్థిని దృష్టిలో పెట్టుకునే ప్రొఫెసరు పాఠం వేగాన్ని నిర్ణయిస్తారు. ప్రశ్నపత్రమూ అతని కోసమే తయారవుతుంది. మన డిగ్రీ కాలేజీల్లో ఇలాంటి గడి లేదు. ఉన్నా పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఒకసారి లెక్క వేసి చూడండి. అలాంటి సబ్జెక్టులు ఐదుంటే తరగతి బయట పని వారానికి 30 గంటలు. నాలుగు వారాలు వదిలేస్తే 120 గంటలు పేరుకుంటాయి. క్విజ్‌కి ముందు శని, ఆదివారాలు నిద్ర తగ్గించుకుని కూర్చున్నా 30 గంటలకు మించి దొరకవు. ఎంత తెలివైనవాళ్లయినా ఈ తేడాను పూడ్చలేరు. ఉభాలప్పుడు నాటని మడికి కోతల ముందు ఎరువు వేసినట్టే ఉంటుంది.

ఈ వెనకబాటు దాదాపు ఒకే వరుసలో సాగుతుంది. మొదటి వారం పాఠాలు డిగ్రీలో విన్నట్టే ఉంటాయి. సెట్లు, శ్రేణులు, వెక్టార్లు, ఇవన్నీ తెలిసినవే అనిపిస్తుంది. ఆ ధీమాతోనే సొంత పని మొదలుకాదు. రెండో వారంలో నిర్వచనాలు వరసపెట్టి వస్తాయి. బోర్డును ఫోన్లో ఫోటో తీసుకుని, తర్వాత చూద్దాంలే అనుకుంటారు. మూడో వారంలో మొదటి అసైన్‌మెంట్ వస్తుంది. గడువు ముందు రాత్రి పక్కగదిలో ఎవరిదో చూసి ఎక్కించేస్తారు. నాలుగో వారానికి ప్రొఫెసరు ‘మనం ఇంతకుముందు చూశాం కదా’ అంటూ వాడే మాటలే అర్థం కావు. ఉదాహరణకు భౌతికశాస్త్రంలో క్వాంటం మెకానిక్స్ తీసుకోండి. ఐగెన్ విలువలు, ఐగెన్ వెక్టార్లు చేతికి రాకుండా మూడు వారాలు గడిస్తే, ఆ తర్వాత బోర్డు మీద కనిపించేవి అర్థం లేని గుర్తులే. ఐదో, ఆరో వారంలో క్విజ్ వస్తుంది.

ఫోన్లో ఫోటోల విషయం మామూలుగా కనిపిస్తుంది కానీ చాలా నష్టం చేస్తుంది. ఫోటో తీయగానే పాఠం దాచిపెట్టామన్న తృప్తి కలుగుతుంది. ఆ ఫోటో మళ్లీ తెరిచేది క్విజ్ ముందు రాత్రే. నోట్సు చేత్తో రాసుకున్నవాళ్లకు కనీసం ఏ పంక్తి దగ్గర ఆగిపోయారో గుర్తుంటుంది. పనికొచ్చే పద్ధతి ఒకటుంది. లెక్చరు అయిన రోజు సాయంత్రమే 40 నిమిషాలు కూర్చోవాలి. నోట్సు మూసేసి ఆ రోజు చెప్పిన ప్రధాన నిరూపణను తెల్లకాగితం మీద మొదటినుంచి రాయాలి. ఆగిపోయిన చోట గీత గీసి, అప్పుడు నోట్సు తెరవాలి. ఆ గీతలే ట్యుటోరియల్‌లో అడగాల్సిన ప్రశ్నలు. మూడు లెక్చర్లకూ కలిపి రెండు గంటలు పడుతుంది. ఆరింటిలో మిగిలిన నాలుగు గంటలు లెక్కలకు, పాఠ్యపుస్తకానికి. గైడు కాదు, పాఠ్యపుస్తకమే.

ప్రశ్న మారిన తీరు

తేడా ఎక్కడుందో ఒక్క ఉదాహరణలో తెలిసిపోతుంది. డిగ్రీ రియల్ అనాలిసిస్ పేపర్లో ‘బోల్జానో–వైర్‌స్ట్రాస్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించుము’ అని వస్తుంది. ఒకటిన్నర పేజీ నిరూపణ. కంఠస్థం చేసి దిగబెడితే పూర్తి మార్కులు. ఎమ్మెస్సీ క్విజ్‌లో ప్రశ్న ఇలా ఉంటుంది: (0, 1) అంతరంలో అవిచ్ఛిన్నంగా, పరిబద్ధంగా ఉన్న ప్రతి ప్రమేయమూ ఏకరూప అవిచ్ఛిన్నమేనా? అవునంటే నిరూపించండి, కాదంటే ప్రత్యుదాహరణ ఇవ్వండి.

కంఠస్థం చేసిన పేజీల్లో దీనికి జవాబు దొరకదు. ముందు అవునా కాదా తేల్చుకోవాలి. సంవృత అంతరంలో, అంటే చివరి బిందువులు కూడా కలిసిన దానిలో, అయితే అవుననే సిద్ధాంతం ఉంది. ఇక్కడ అంతరం వివృతం, చివరి బిందువులు అందులో లేవు. కాబట్టి 0 దగ్గర ఏదో జరిగే వీలుందని అనుమానం రావాలి. అప్పుడు సైన్ (1/ఎక్స్) గుర్తుకొస్తుంది. అది అవిచ్ఛిన్నమే, −1కీ 1కీ మధ్యే ఉంటుంది. ఇక రెండు అనుక్రమాలు తీసుకోవాలి. మొదటిది 1/(2ఎన్ పై), రెండోది 1/(2ఎన్ పై + పై/2). ఎన్ పెరిగేకొద్దీ వీటి మధ్య దూరం సున్నాకు చేరుతుంది. కానీ ప్రమేయం విలువ మొదటి దానిలో ఎప్పుడూ 0, రెండో దానిలో ఎప్పుడూ 1. విలువల తేడాకు హద్దు (ఎప్సిలాన్) 1/2 తీసుకుంటే, బిందువుల మధ్య దూరానికి ఎంత చిన్న హద్దు (డెల్టా) పెట్టినా పనిచేయదు. ఐదారు పంక్తుల్లో జవాబు అయిపోయింది.

మన విద్యార్థి దగ్గర ఈ జవాబుకు కావాల్సిన ముక్కలన్నీ ఉంటాయి. సైన్ (1/ఎక్స్) గ్రాఫ్ డిగ్రీలో చూసే ఉంటాడు. లేనిది ‘ఇది నిజమేనా’ అని తనను తాను అడిగే అలవాటు. దాన్ని పెంచుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. చదివిన ప్రతి సిద్ధాంతంలోనూ ఒక్కో షరతు తీసేసి, ఎక్కడ విరుగుతుందో చూడాలి. సంవృతం అన్న మాట తీసేస్తే ఏమవుతుంది? పరిబద్ధం తీసేస్తే? వారానికి సబ్జెక్టుకు రెండు సిద్ధాంతాలతో ఇలా చేసినా చాలు, క్విజ్ ప్రశ్నల్లో చాలావాటిని ముందే చూసినట్టవుతుంది.

రికార్డు వేరు, ల్యాబ్ నోట్‌బుక్ వేరు

ప్రయోగశాలలో ఈ తేడా ఇంకా లోతుగా ఉంటుంది. ఇక్కడే కాస్త కటువుగా మాట్లాడాలి. డిగ్రీ కాలేజీల్లో రికార్డు రాయడం చాలాచోట్ల చేతిరాత పోటీలా సాగుతుంది. ఎడమ పేజీలో పెన్సిల్ బొమ్మ, కుడి పేజీలో లక్ష్యం, పరికరాలు, విధానం, ఫలితం. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని పూర్తిచేయడం మామూలు. రీడింగులు ముందే తెలిసిన జవాబుకు సరిపోయేలా ‘సర్దడం’ కూడా మామూలే.

లఘులోలకంతో గురుత్వ త్వరణం కొలిచే ప్రయోగం తీసుకోండి. పొడవు 100.0 సెంటీమీటర్లు. 20 డోలనాలకు 40.2 సెకన్లు పట్టింది. అంటే ఆవర్తన కాలం 2.01 సెకన్లు. సూత్రంలో వేస్తే 9.77 వస్తుంది. పుస్తకంలో 9.8 ఉంది కదా అని 40.2ను 40.1గా మార్చేస్తారు. మార్చాల్సిన పనే లేదు. స్టాప్‌వాచ్ నొక్కడంలో చేతి ఆలస్యం 0.2 సెకన్లు అనుకుంటే, 20 డోలనాలకు పంచితే ఆవర్తన కాలంలో లోపం 0.01 సెకను, అంటే అర శాతం. ఆవర్తన కాలం వర్గంగా వస్తుంది కాబట్టి ఫలితంలో అది 1 శాతం. పొడవులో ఒక మిల్లీమీటరు తేడాకు ఇంకో 0.1 శాతం. మొత్తం మీద ఫలితం 9.77, లోపం అటూ ఇటూ 0.1. పుస్తకంలోని విలువ ఆ హద్దుల్లోనే ఉంది. అసలు రీడింగే సరైన జవాబు ఇచ్చింది. సర్దుబాటుతో పోయింది నిజాయితీ ఒక్కటే కాదు, ఆ లోపం ఎక్కడినుంచి వస్తుందో నేర్చుకునే అవకాశమూ పోయింది. 20 డోలనాలకు బదులు 50 తీసుకుంటే లోపం ఎందుకు తగ్గుతుందో సర్దినవాళ్లకు ఎప్పటికీ తట్టదు.

పరిశోధన జరిగే చోట నోట్‌బుక్‌కు వేరే మర్యాద ఉంది. పేజీలకు నంబర్లు ఉంటాయి, పేజీ చింపకూడదు. తేదీ వేసి పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, వైట్‌నర్ వాడకూడదు. రీడింగు చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించకూడదు. నేరుగా అందులోనే రాయాలి. అందంగా లేకపోయినా ఫరవాలేదు. ఆరు నెలల తర్వాత ఇంకొకరు తెరిచి అదే ప్రయోగం చేయగలగాలి. ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి సవర గిరిజనుల నోట విన్న మాటలు రాసుకుంటూనే ఆ భాషకు నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేశారు. ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి, సూత్రం తర్వాత. ల్యాబ్‌లో అడిగేది కూడా అంతే.

అసైన్‌మెంట్లలో నకలు విషయం క్లుప్తంగా. కలిసి చర్చించుకోవడాన్ని చాలామంది ప్రొఫెసర్లు కోరుకుంటారు కూడా. రాసేటప్పుడు మాత్రం ఎవరిది వాళ్లే, కాగితం చూడకుండా రాయాలి. ఇద్దరి జవాబుల్లో ఒకేచోట ఒకే మైనస్ గుర్తు తప్పిపోతే దిద్దేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ప్రోగ్రాములైతే పోల్చి చూసే మాస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, చరరాశుల పేర్లు మార్చినంత మాత్రాన దాన్ని తప్పించుకోలేరు. దొరికితే మార్కులు సున్నా కావడమే కాదు, క్రమశిక్షణ చర్యలదాకా వెళ్తుంది. మన కాలేజీల్లో ‘కొంచెం చూపించరా’ అనడం స్నేహం. అక్కడ చూపించినవాళ్లు కూడా బాధ్యులే. ఇది తెలియక మంచి మనసుతో కాపీ ఇచ్చి ఇరుక్కునేవాళ్లు ఉంటారు.

అడగడం

మన తరగతి గదుల్లో సార్ పాఠం చెబుతుంటే మధ్యలో ఆపడం మర్యాద కాదనుకుంటాం. అర్థం కాకపోతే బయటికొచ్చాక తోటివాళ్లను అడుగుతాం. అక్కడ మొదటి వరుసలో కూర్చున్న పిల్ల నిరూపణ మధ్యలో చెయ్యెత్తి, ‘మూడో పంక్తి నాకు ఒప్పుకోవడానికి లేదు’ అంటే ప్రొఫెసరు సంతోషిస్తారు. ఇది చూసి మనవాళ్లు ఇంకా ముడుచుకుంటారు. ఇంగ్లీషు తడబడుతుందనే భయం ఒకటి. ఉత్తరాంధ్ర యాస విని తోటి తెలుగువాళ్లే నవ్వుతారనే భయం ఇంకొకటి. ఈ రెండో భయం ఎంతమందిని వెనక బెంచీకి నెట్టేస్తోందో పెద్దవాళ్లు గమనించాలి. ప్రశ్నకు యాసతో పనిలేదు. గణితంలో, భౌతికశాస్త్రంలో పది పదాల ఇంగ్లీషు చాలు: ఏ పంక్తి, ఏ గుర్తు, ఎందుకు.

‘సార్, అర్థం కాలేదు’ అంటే ఎవరూ సాయం చేయలేరు. ఏది అర్థం కాలేదో చెప్పాలి. ‘రెండో మెట్టులో ఎన్‌ను ఎక్స్ మీద ఆధారపడకుండా ఎంచుకున్నారు, అది ఎలా కుదిరింది?’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ట్యుటోరియల్ నడిపే టీచింగ్ అసిస్టెంట్లు ఎక్కువగా పరిశోధక విద్యార్థులే. వాళ్లూ ఒకప్పుడు ఇలా చేరినవాళ్లే. వాళ్లను అడగడానికి జంకాల్సిన పనే లేదు.

ప్రొఫెసరుకు మెయిల్ రాయడం కూడా నేర్చుకోవాల్సిన పని. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు నంబరు, సమస్య నంబరు ఉండాలి. లోపల ఐదారు వాక్యాలు చాలు: పేరు, రోల్ నంబరు, ఏ ప్రశ్న, ఎక్కడిదాకా వచ్చారు, ఎక్కడ ఆగిపోయారు, ఏ రోజు ఏ వేళకు వచ్చి కలవొచ్చు. చేసిన లెక్క కాగితాన్ని ఫోటో తీసి జతచేయాలి. ‘రెస్పెక్టెడ్ సార్’ తర్వాత అరపేజీ వినయం అక్కర్లేదు. సగం చేసిన లెక్కే అసలు గౌరవం. జవాబు రాకపోతే మూడు రోజులాగి ఒకసారి గుర్తుచేయొచ్చు. అది అమర్యాద కాదు.

మార్కులు చూసి బెదరకుండా

95కు తగ్గకుండా చూసుకున్న విద్యార్థికి మొదటి క్విజ్‌లో 20కి 9 వస్తే కాళ్ల కింద నేల కదులుతుంది. ఆ రాత్రే చాలామంది తమకు ఇక్కడ స్థానం లేదని తేల్చేసుకుంటారు. ముందు అడగాల్సింది తరగతి సగటు ఎంత అని. ప్రశ్నపత్రం కష్టమైతే సగటు 8 ఉండొచ్చు, అప్పుడు 9 మంచి మార్కే. గ్రేడ్లు చాలా కోర్సుల్లో తరగతి మార్కుల తీరు చూసి వేస్తారు. 35కు పాస్, 60కి ఫస్ట్ క్లాస్ అనే గీతలు ఉండవు. 100కి 48 వచ్చినా బీ గ్రేడు పడొచ్చు, తేలికైన పేపర్లో 70 వచ్చినా సీ పడొచ్చు.

ఐఐటీ మద్రాసులో ఎస్‌కు 10, ఏకు 9, బీకి 8, సీకి 7, డీకి 6, ఈకి 4 పాయింట్లు. యూ వస్తే తప్పినట్టు. క్రెడిట్లతో హెచ్చవేసి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు. ఒక సెమిస్టరులో 10, 10, 9, 9, 6 క్రెడిట్ల సబ్జెక్టుల్లో వరుసగా బీ, సీ, డీ, ఈ, ఏ వచ్చాయనుకుందాం. 80, 70, 54, 36, 54 కలిపితే 294. దాన్ని 44తో భాగిస్తే 6.68. ఆ ‘ఈ’ గ్రేడు ఒక్కటి ‘సీ’ అయ్యుంటే 321, అంటే 7.30. డీకీ ఈకీ మధ్య రెండు పాయింట్ల దూరం ఉందని గమనించాలి. ఒక్క సబ్జెక్టును పూర్తిగా వదిలేయడం వల్ల జరిగే నష్టం మిగతా సబ్జెక్టుల్లో పడే అదనపు శ్రమతో పూడదు. ‘అది ఎలాగూ రాదు, మిగతావి చూసుకుందాం’ అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

అలాగని 6.68 దగ్గర కథ ముగిసిపోదు. నాలుగు సెమిస్టర్లలోనూ క్రెడిట్లు సమానమనుకుంటే, చివరికి 8 చేరాలంటే మిగిలిన మూడింటిలో సగటున 8.44 రావాలి. ఎక్కువ బీలు, కొన్ని ఏలు. కష్టమే, అసాధ్యం కాదు. మొదటి సెమిస్టరులో దెబ్బతిన్నాక వారపు పని మొదలుపెట్టినవాళ్లు దీన్ని సాధించగలరు. క్విజ్ పేపరు చేతికిచ్చినప్పుడు మార్కు చూసి మడిచి పెట్టేయకుండా, పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాసుకోవాలి: నిర్వచనం తెలియకపోవడమా, పద్ధతి తట్టకపోవడమా, రాయడం చాలకపోవడమా, సమయం చాలకపోవడమా. మన పిల్లల విషయంలో మూడోది అనుకున్నదానికన్నా ఎక్కువగా బయటపడుతుంది. తెలిసిన జవాబునే మెట్లు ఎగరేసి రాస్తారు.

హాజరు, పండగలు

జేఎన్‌టీయూలో హాజరు 75 శాతం ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్‌తో గట్టెక్కే వీలుంది. ఐఐటీ మద్రాసులో 85 శాతం. తగ్గితే డబ్ల్యూ గ్రేడు పడుతుంది, కోర్సు మళ్లీ చదవాలి. వారానికి నాలుగు గంటల చొప్పున 14 వారాలకు 56 క్లాసులు. వదులుకోగలిగినవి 8. ఒక్క వారం ఊరికి వస్తే ప్రతి సబ్జెక్టులోనూ 4 పోతాయి. జ్వరానికి కొన్ని మిగుల్చుకోవాలి కదా.

ఇక్కడే ఇంటికీ క్యాంపస్‌కీ పొత్తు కుదరదు. వినాయక చవితి మొదటి క్విజ్ దరిదాపుల్లో పడుతుంది. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అది సెమిస్టరు నడిమధ్య. అరసవల్లి రథసప్తమి రెండో సెమిస్టరు మొదట్లో. అన్నిటికీ రమ్మని ఇంట్లో పిలుస్తారు. రాకపోతే పెద్ద చదువుకెళ్లి మారిపోయాడంటారు. విద్యాసంవత్సరం క్యాలెండరు ముందే వస్తుంది. దాన్ని ఇంట్లో గోడకు అంటించి, ఏడాదిలో ఏ రెండు పండగలకు రాగలరో జూలైలోనే మాట్లాడుకోవడం మంచిది. హౌరా–చెన్నై మెయిల్ విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాసల్లో ఆగుతుంది. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, తేదీ తేల్చుకోవాల్సిందీ అప్పటికే.

ఈ ఇబ్బంది చెన్నైదాకా వెళ్లినవాళ్లకే కాదు. ఎచ్చెర్ల దగ్గరున్న, 2016లో ఏర్పాటైన ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) శ్రీకాకుళం క్యాంపస్‌లో పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకుని పదిహేనేళ్లకే హాస్టల్లో చేరతారు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్. తమ జిల్లా పరిషత్ స్కూల్లో మొదటి స్థానంలో నిలిచిన పిల్ల, అలా మొదటి స్థానంలో నిలిచిన వెయ్యిమందిలో ఒకతె అవుతుంది. అంతమందిలో సగం మంది ర్యాంకుల వరుసలో కింది సగంలో ఉండక తప్పదు. ఈ చిన్న లెక్కను చేరిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెబితే, మొదటి పరీక్ష తర్వాత ఫోన్లో ఏడుపులు కొంత తగ్గుతాయి. ఇంట్లోవాళ్లు కూడా ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అనే ముందు ‘అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా’ అని అడగాలి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడితే, గదిలోంచి బయటికి రాకపోతే క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది బలహీనులకు మాత్రమే అనుకోకూడదు.

చేరకముందు, చేరిన తర్వాత

జామ్ ఫలితాలు మార్చిలో వస్తాయి, తరగతులు జూలై, ఆగస్టుల్లో మొదలవుతాయి. మధ్యలో ఉన్న నాలుగు నెలలు మన విద్యార్థులకు పెద్ద వరం. డిగ్రీ చివరి సెమిస్టరు పరీక్షలు పోను రెండున్నర నెలలైనా మిగులుతాయి. ఈ కాలంలో కొత్త సిలబస్ ముందే చదివేయాలన్న ఆరాటం అక్కర్లేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. గణితంవాళ్లు రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రాల్లో ఒకటి, భౌతికశాస్త్రంవాళ్లు లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాల్లో ఒకటి తీసుకుని, ఒక్కటే కోర్సు మొదటినుంచి చివరిదాకా చేయాలి. వీడియో చూడటంతో సరిపోదు, ప్రతి పాఠానికీ రెండు నిరూపణలు ఇంగ్లీషులో పూర్తి వాక్యాలతో రాయాలి. ‘కాబట్టి’, ‘ఎందుకంటే’, ‘ఇలా అనుకుందాం’ లాంటి పదాల ఇంగ్లీషు చేతికి అలవాటు కావడానికి ఇదే దారి.

సర్టిఫికెట్ల పని కూడా అప్పుడే. బీసీ విద్యార్థులకు రాష్ట్ర కుల ధ్రువపత్రం ఉంటే చాలదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం కావాలి, అదీ ప్రకటనలో చెప్పిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు, కాబట్టి దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. సచివాలయంలో దరఖాస్తు చేసేటప్పుడు ‘సెంట్రల్ ఫార్మాట్’ అని ప్రత్యేకంగా చెప్పకపోతే మామూలు పత్రమే చేతికొస్తుంది. ఈ ఒక్క కాగితం వల్ల సీటు చేజారే ప్రమాదం ఉంది.

చేరాక మొదటి సెమిస్టరు ముగిసే వేళకే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌తో రెండు నెలలు దేశంలోని ఏదో ఒక ప్రయోగశాలలో పనిచేయొచ్చు. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది మంచి మెట్టు. వేసవి ఎండల్లో జరిగే ఈ పనికి దరఖాస్తులు చలికాలం మొదట్లోనే పెట్టాలి. దానికి ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. డిగ్రీ కాలేజీ సార్ రాసిన లేఖ కూడా చెల్లుతుంది. కానీ ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన ప్రొఫెసరు రాయాలంటే ఆయనకు ఈ విద్యార్థి ముఖం తెలియాలి, ఏం అడుగుతాడో తెలియాలి. అందుకు ఉన్న సమయం ఆగస్టు నుంచి అక్టోబరు దాకానే. ఆ లోపల సగం చేసిన లెక్క కాగితం పట్టుకుని రెండు, మూడుసార్లు ఆయన గది తలుపు తట్టిన విద్యార్థికి లేఖ దొరుకుతుంది.